విరగని బందూకు

పోయిన మంగళవారం పొద్దున బుద్వేల్‌లో మా ఇంటి గోడ పక్కన చిక్కుడు తీగకు పందిరి కడుతున్నాను. రెండు చేతులకూ సుతిలి తాడు చుట్టుకుని ఉండగా ఫోను మోగింది. అలాంటి సమయంలో వచ్చే ఫోన్లన్నీ అప్పులిస్తామనేవాళ్ళవే కాబట్టి మోగనిచ్చాను. అది ఆగి మళ్ళీ మోగింది. మా ఆవిడ బయటికొచ్చి ఫోను తీసి నా చెవికి ఆనించింది. అవతల మా బావ ఊరి పోలీసు స్టేషన్ రైటరు. "సార్, మీ బావ బందూకు ఇంక మా తాననే ఉన్నది. కేసు ఎప్పుడో క్లోజైంది. వారసులెవరన్న పేరు మార్పించుకుంటమంటే తీస్కపోండ్రి, లేకుంటె డీలరుకు అప్పజెప్పుమని మీ అక్కతోటి ఒక కాగితం రాయించి తెండ్రి. మా దగ్గర జాగ లేదు ఇగ" అన్నాడు. సరేనన్నాను. పెట్టేయబోతూ మాట వరసకు ఇంకో ప్రశ్న వేశాడు. "మంచి బందూకేనా సార్? కొత్తగనే కనవడుతున్నది." ఫోను తీసెయ్యమని మా ఆవిడకు తలతో సైగ చేశాను. చిక్కుడు తీగ ఆ పూటకు నేలమీదే ఉండిపోయింది.

ఆ ప్రశ్నకు జవాబు చెప్పడమే ఒకప్పుడు నా బతుకుతెరువు. ముప్పై రెండేళ్ళు పోలీసు తుపాకులు బాగుచేసే వర్క్‌షాపులో పనిచేశాను. లాఠీ పట్టింది లేదు, దొంగను తరిమింది లేదు. నా పోలీసు ఉద్యోగమంతా నూనెగుడ్డ, స్క్రూడ్రైవరు, భూతద్దం. రిటైరయ్యాక కూడా జనం వదల్లేదు. బ్యాంకుల ముందు కాపలా ఉండేవాళ్ళు, పంట కాపలాకు లైసెన్సులున్న రైతులు, తాత పెట్టెలో తుపాకీ దొరికి బిత్తరపోయిన మనవలు, అందరూ సంచుల్లో చుట్టుకుని వచ్చేవాళ్ళు. "కాకా, జర చూసి చెప్పు." వరండాలో వెలుతురు పడేచోట తెల్ల తువ్వాలు పరిచి దాని మీద పెట్టించేవాణ్ణి. ముందు వాసన చూస్తాను. నూనె వాసన బట్టి యజమాని ఎలాంటివాడో తెలిసిపోతుంది. మిషను నూనె పూసేవాడు జాగ్రత్తపరుడు, కొబ్బరినూనె పూసేవాడు పిసినారి. ఒక మహానుభావుడు పల్లీనూనె పూశాడు, చీమలు పట్టాయి. వాసన అయ్యాక కళ్ళు మూసుకుని ఆడించి చప్పుడు వింటాను. ఆ తర్వాతే కళ్ళతో చూడటం. ఇదంతా చూసి మా ఆవిడ ఒకసారి, "పెండ్లిచూపులనాడు నన్ను గింతసేపు చూసినవా?" అని అడిగింది. "గింతసేపు చూస్తే నువ్వు లేచి పోదువు" అన్నాను. తుపాకీ విషయంలో నేను చెప్పిన మాట ఎన్నడూ తప్పు కాలేదు. ఆ పొగరు నాకు బాగానే ఉండేది. ఆ మాట ఇప్పటికీ నిజమే, నన్ను తినేస్తున్నదీ అదే.

మా అక్క నాకంటే తొమ్మిదేళ్ళు పెద్ద. అమ్మ పోయినప్పుడు నాకు నాలుగేళ్ళు. అక్క పెళ్ళై అత్తగారింటికి పోతూ నన్ను కూడా వెంటబెట్టుకుని పోయింది. ఆ కాలంలో అది ఎంత పెద్ద మాటో చెప్పలేను. బావ మాత్రం దాన్ని జీవితాంతం ఒక వేళాకోళంగా వాడుకున్నాడు. "పిల్లనియ్యుండ్రి అంటె పిల్లగాన్ని గూడ కలిపి ఇచ్చిండ్రు" అని ఇంటికొచ్చిన ప్రతివాడికీ చెప్పేవాడు. చెబుతూ నా నెత్తిన ఒక మొట్టికాయ వేసేవాడు. నేను మొదటిసారి తుపాకీ చూసింది ఆ ఇంట్లోనే. బావవాళ్ళ బాపుది, రెండు గొట్టాల పన్నెండు బోరు. మా వైపు దాన్ని దోనాలి అంటారు. గోడకు వేలాడుతూ ఉండేది. దాని కింద కూర్చుని అన్నం తినేవాణ్ణి. బడిలో లెక్కలు రాకపోయినా దాని మరలన్నీ చూడకుండా చెప్పగలిగేవాణ్ణి. అక్కడి నుంచే నా ఉద్యోగం మొదలైందని చెప్పాలి.

వాళ్ళ ఊరు శంషాబాద్‌కు పడమట, దిగే విమానాలు తల మీది నుంచి పోయే దారిలో ఉంటుంది. విమానాశ్రయం వచ్చినప్పుడు బావ భూమి సగానికి పైగా అందులో పోయింది. మిగిలింది మూడెకరాలు. ఒక పక్క ఇల్లు, మధ్య మక్క చేను, ఆ చివర గట్టు, గట్టు అవతల వెంచర్లు. "మన పొలంల ఇమానం దిగుతది గని, ఒక్కనాడన్న ఎక్కుమని అడగకపాయె" అనేవాడు. ఆ వెంచర్లలో ప్లాట్లు కొన్నవాళ్ళెవరూ ఇళ్ళు కట్టుకోలేదు. రాళ్ళు పాతి, పేరు రాయించి, ఫోటో దిగి వెళ్ళిపోయారు. ప్లాట్ల నిండా సర్కారు తుమ్మ మొలిచింది. ఆ తుమ్మల్లోకి అడవిపందులు చేరాయి. "కొన్నోళ్ళు రాకపాయె, పందులైతే గృహప్రవేశం జేసినయి" అని బావ నవ్వేవాడు కానీ, కంకి పాలుపోసుకునే రోజుల్లో ఆ నవ్వు ఉండేది కాదు. ఒక గుంపు వచ్చిందంటే తెల్లారేసరికి అర ఎకరం పడుకునేది.

అందుకే ఆ ఇంట్లో ఒక పద్ధతి నడిచేది. బందూకు బావ గదిలో, తూటాలు అక్క అల్మారాలో. తాళంచెవి అక్క మెడలోని గొలుసుకు. తూర్పు తెల్లబడేటప్పుడు బావ లేచి మఫ్లరు చుట్టుకుని చెయ్యి చాపితే, అక్క రెండు తూటాలు ఆ చేతిలో పెట్టేది. రెండే. బావ గట్టు దాకా పోయి గాల్లోకి రెండూ పేల్చేవాడు. పందులు తుమ్మల్లోకి పరుగెత్తేవి. తర్వాత దోనాలిని మోకాలి మీద పెట్టి విరిచేవాడు. విరవడం అంటే మధ్యలో ఉన్న కీలు దగ్గర వంచి తెరవడం. ఖాళీ తూటాలు రెండూ లాగి జేబులో వేసుకుని, తెరిచిన గొట్టాల వెనక మూతి పెట్టి పొగ పోయేట్టు ఊదేవాడు. ఊఁ... అని ఒక చప్పుడు వచ్చేది. ఆ నిశ్శబ్దంలో అది ఇంటిదాకా వినిపించేది. "పొద్దుగాల్నే శంఖం ఊదిండు మా ఆయన" అని అక్క స్టవ్ వెలిగించేది. చాయ్ మరిగేసరికి బావ, విరిచిన బందూకును తువ్వాలులాగా మోచేతికి వేలాడేసుకుని వచ్చేవాడు. ఖాళీ తూటాలు రెండూ అక్క చేతిలో పెట్టేవాడు. రెండు మోతలు, ఒక ఊదుడు, రెండు ఖాళీ తూటాలు. ఆ ఊదుడు వినపడిందంటే బందూకు ఖాళీ అని ఇంట్లో అందరికీ తెలిసేది. ఎవరూ ఆలోచించి పెట్టిన పద్ధతి కాదది. నలభై ఏళ్ళు నడిచింది.

దోనాలి కీలు అరిగిపోయిందని తేల్చింది నేనే. ఒక వేసవిలో దాన్ని తువ్వాలు మీద పెట్టి చూస్తే మూసినా వదులుగా ఆడుతోంది. "బావా, ఇది ఏదో ఒకనాడు నీ మొహం మీదనే తెరుచుకుంటది. పక్కకు పెట్టు" అన్నాను. "మా బాపు నాటిది. నీకంటె ముందుగాల ఇంట్లకొచ్చింది, నువ్వెట్ల ఎల్లగొడతవు?" అన్నాడు. ఆ వానాకాలమే పంది కొట్టింది. రెండూ పేల్చేశాడు, గుంపు పారిపోయింది, పిల్లలున్న ఒక తల్లి పంది మాత్రం మర్లి మీదికి వచ్చింది. చేతిలో ఉన్నది ఖాళీ బందూకు. తొడ చీరింది. ఎముక దాకా పోయింది. దవాఖానలో మూడు వారాలున్నాడు. ఆ తర్వాత కుడికాలు ఈడుస్తూ నడిచేవాడు. గట్టు ఎక్కాలంటే ఏదో ఒకటి పట్టుకోవాల్సి వచ్చేది.

అక్క అప్పుడు మా ఇంటికి వచ్చింది. తనంతట తాను, ఒక్కతే, రాజేంద్రనగర్‌లో బస్సు మారి. ఆవిడ అలా వచ్చిందంటే మా ఆవిడ కూడా టీవీ ఆపేస్తుంది. మంచినీళ్ళు కూడా తాగకుండా చెప్పింది. "తమ్మీ, చేను ఇడువుమంటె ఇడువడు. బందూకు ఇడువుమంటె ఇడువడు. పంది కొట్టినంక ఇంక మొండికెత్తిండు. నువ్వే మంచిది ఒకటి చూసి ఇప్పియ్యి. మూడు నాలుగు కొట్టేటివి ఉంటయంట గద. ఆయన పానం నీ చేతుల పెడుతున్న." నాకు తలదువ్వి బడికి పంపిన చెయ్యి నా చెయ్యి పట్టుకుంది. ఏ తుపాకీనీ నేను అంత భయంగా చూడబోలేదు.

వరసగా పేలే బందూకులు, అంటే ఒకటి పేలగానే రెండోది తనంతట తానే లోపలికి ఎక్కేవి, ఇదివరకు బయటి దేశాల నుంచే వచ్చేవి. వాటి ధర చెబితే బావ, "దానికి ట్రాక్టరొస్తది, దున్నుకోవచ్చు" అన్నాడు. ఇప్పుడు మన దేశంలోనే చేస్తున్నారు. రెండు పాడిబర్రెల ధరలో వస్తోంది. నాకు తెలిసిన పాత దుకాణం ఒకటి నగరంలో ఉంది. దాని యజమాని గోరింటాకు పెట్టిన గడ్డంతో, నేను ఉద్యోగంలో చేరిన రోజు నుంచి అంతే వయసులో ఉన్న మనిషి. పెట్టె తెరిచి గాజుబల్ల మీద పెట్టాడు. నేను వాసన చూశాను. ఫ్యాక్టరీ జిడ్డు. చెక్క ఉండాల్సిన చోట నల్ల ప్లాస్టిక్. మరల లోపల ఆకురాయి గీతలు కనిపిస్తున్నాయి, ఎవరో తొందరలో తోమిన గిన్నెలాగా. ఒక స్క్రూ తల చెదిరి ఉంది. ట్రిగ్గరు బరువు, వేలితో గట్టిగా లాగితే గానీ కదలదు. కళ్ళు మూసుకుని ఆడిస్తే మాత్రం చప్పుడు శుభ్రంగా ఉంది, ఎక్కడా తడబాటు లేదు. నేను పెదవి విరిచిన ప్రతిసారీ దుకాణదారు మొహం ముడుచుకుంది. బావ పక్కన స్టూలు మీద కాలు చాపుకుని కూర్చుని, "ఏమయ్య బందూకుల డాక్టరూ, పేషెంటు బతుకుతదా లేదా?" అని అడిగాడు.

బల్ల మీద చూసి చెప్పేది సగమే. అనుమతి తీసుకుని ఊరవతల షూటింగ్ రేంజికి పోయాం. ఆ రోజు నేను చేసినన్ని పరీక్షలు పోలీసు తుపాకులకు కూడా చేయలేదు. మంచి తూటాలు, చౌక తూటాలు, రెండు రోజులు తడిగుడ్డలో ఉంచిన తూటాలు. బావ చేనులోని దుమ్ము ఒక సంచిలో పట్టుకొచ్చి మరల మీద చల్లాను. దుకాణదారు "యా అల్లా" అని మొహం పక్కకు తిప్పుకున్నాడు. పాతిక తూటాల్లో రెండే ఇరుక్కున్నాయి. ఆ రెండూ తడివి. తర్వాత బావ చేతికిచ్చాను. దోనాలి దెబ్బకు నలిగిపోయిన భుజం ఆయనది. ఒకటి కొట్టి నా వైపు తిరిగాడు. "దిండు పెట్టినట్టున్నది బామ్మర్దీ!" పెళ్ళికొడుకు నవ్వు నవ్వాడు. రెండోది కొట్టాడు. కొట్టగానే బందూకు మోకాలి మీదికి దిగింది, ఎడమచెయ్యి గొట్టాన్ని పట్టుకుని కిందికి వంచింది. అది విరిగే బందూకు కాదు. ఇంకోసారి వంచాడు. "అరె, ఇది ఇరుగది గదా!" అన్నాడు. లోపల ఇంకా తూటాలున్నాయి. దుకాణదారు నవ్వాడు. బావ బుగ్గలు పూరించి, గొట్టం బదులు తన నోటితోనే ఊఁ... అని ఊదాడు. నేనూ నవ్వాను. కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వాను. తర్వాత చౌకదే కానీ నమ్మదగ్గది, తీసుకోమని చెప్పాను. దోనాలిని దుకాణంలో ఇచ్చేసి వచ్చాం. బావ దాని మీద ఒకసారి చెయ్యి వేసి, తిరిగి చూడకుండా బయటికి నడిచాడు.

ఆ సాయంత్రం అక్క ఇంట్లో ఇద్దరినీ కూర్చోబెట్టి అన్నీ నేర్పాను. పేల్చడం ఆపగానే ఈ మీట నొక్కాలి, ఇక ట్రిగ్గరు కదలదు. ఇంటికి రాగానే ఈ పిడి లాగి, లోపల మిగిలింది బయటికి తీయాలి. బావ పదిసార్లు చేసి చూపించాడు. ఒక్కసారి తప్పలేదు. ఎన్ని తూటాలు ఇవ్వాలన్న మాట వచ్చింది. అక్క ఎప్పటిలాగే, "రెండు సాలయా?" అంది. "రెండు అయిపోయినంకనే గద అక్కా పంది మీదికొచ్చింది? ఇగ నుంచి మూడియ్యి" అన్నాను. "మూడోది పందులకు కాదు. అది బావ పానానికి కాపలా. దినాం అది వాపసు రావాలె, నీ చేతికి." అక్క మూడు వేళ్ళు చూసుకుని తల ఊపింది. "మూడోది పానానికి కాపలా" అని నెమ్మదిగా, పాఠం అప్పజెప్పినట్టు, మళ్ళీ అంది.

రెండున్నర నెలలు అంతా బాగా నడిచింది. బావ ఒక్కదానికే సణిగేవాడు. కొత్త బందూకు ఖాళీ తూటాలను పక్కకు విసిరేస్తుంది, వాటి కోసం మంచు నిండిన మక్క ఆకుల్లో వెతుక్కోవాలి. "కోడిగుడ్లు ఏరుకున్నట్టున్నది నా బతుకు" అనేవాడు. ఏరుకున్న రెండు ఖాళీలు, లోపలి నుంచి తీసిన మూడోది అక్క చేతిలో పెట్టేవాడు. నోటితో ఊదడం మాత్రం మానలేదు. రేంజిలో నన్ను నవ్వించినందుకో ఏమో, రోజూ గట్టు మీది నుంచి గొంతెత్తి ఊదేవాడు. ఒకసారి నేను అక్కడే పడుకున్నప్పుడు విన్నాను. రెండు మోతలు, ఆ వెనకే ఊఁ... దుప్పట్లో నవ్వుకున్నాను. వంటింట్లో స్టవ్ వెలిగిన చప్పుడైంది. ఒకప్పుడు ఆ చప్పుడు తెరిచిన గొట్టాల్లోంచి వచ్చేది, ఇప్పుడు ఒక ముసలాయన గొంతులోంచి వస్తోంది. ఆ తేడా నాకు తట్టలేదు. ముప్పై రెండేళ్ళు చప్పుళ్ళు విని బతికినవాణ్ణి.

కంకులు ముదిరి ఇంక పది రోజుల్లో కోస్తారనగా అక్క ఫోను చేసింది. "తమ్మీ, రా" అంది. ఇంకేమీ అనలేదు. హిమాయత్ సాగర్ పక్క రోడ్డు మీద బండి ఎలా నడిపానో తెలియదు. నేను చేరేసరికి బావను తీసుకుపోయారు. చేనులో నేను, ఇద్దరు పోలీసులు, గట్టు. నాకు చేతనైన పని ఒక్కటే కాబట్టి అదే చేశాను, చూశాను. రాత్రి వాన పడింది. గట్టు బంకమట్టి జారుగా ఉంది. పేల్చిన చోట మీట నొక్కలేదు. రెండు ఖాళీ తూటాలు గట్టు అవతలికి పడితే దిగి ఏరి జేబులో వేసుకున్నాడు. దోనాలి అయితే ఆ సమయానికి విరిగి మోచేతికి వేలాడుతూ ఉండేది, రెండో చెయ్యి తుమ్మ కొమ్మనో కంచె రాయినో పట్టుకునేది. ఇది మోచేతికి వేలాడదు. కుడికాలు సహకరించదు. గొట్టం పట్టుకుని, బందూకును చేతికర్రలా ఆనించుకుని మళ్ళీ గట్టు ఎక్కాడు. భుజానికి ఆనే ప్లాస్టిక్ మడమ నేలలో దిగిన గుర్తు మట్టిలో మూడు చోట్ల ఉంది. నాలుగో చోట రాయి మీద జారింది. పక్కన తుమ్మకొమ్మ బెరడు లేచి ఉంది. ట్రిగ్గరుకు తగిలింది అదే. మూడోది ఉందని ఆయన తలకు తెలుసు. రోజూ తీసి అక్క చేతిలో పెట్టిన మనిషికి తెలియకపోవడమేమిటి? చేతులకు తెలియదు. రెండు మోతలయ్యాయి, ఊదడమైంది, ఆ చేతుల లెక్కలో బందూకు ఖాళీ. ఎక్కువసేపు బాధపడలేదని దవాఖానలో చెప్పారు. ఆ మాట వాళ్ళు అందరికీ చెబుతారు.

పదో రోజు నాడు బావవాళ్ళ అన్న నన్ను పక్కకు పిలిచాడు. "బందూకే ఖరాబున్నదని చెప్పు. కంపెనీ మీద కేసేద్దం. నీ మాట చెల్లుతది" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. మండినా, మరునాడు స్టేషన్‌లో దాన్ని విప్పి చూడమన్నప్పుడు నేను చేసింది మాత్రం ఆయన అడిగిందే. జీవితంలో మొదటిసారి ఒక తుపాకీలో లోపం దొరకాలని వెతికాను. భూతద్దంతో, దారంతో, నాణెంతో, మూడు గంటలు. పళ్ళ మధ్య వెతికినట్టు వెతికాను. ట్రిగ్గరు బరువుగానే ఉంది, మీట గట్టిగానే ఉంది, మర ఎక్కడా అరగలేదు. వాసన కూడా చూశాను. బావ ఇంట్లోని మిషను నూనె వాసన. "తుపాకీలో ఏ లోపమూ లేదు సార్" అన్నాను. ఎస్సై రాసుకున్నాడు. లోపం ఎక్కడుందో నాకు రేంజిలోనే కనిపించింది. బావ ఎడమచెయ్యి గొట్టాన్ని రెండుసార్లు వంచబోయింది. దాన్ని చూసి నేను నవ్వాను. ఆ సంగతి నన్నెవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. ఏడాదిన్నర అయింది.

గురువారం నాడు అక్కను తీసుకుని స్టేషన్‌కు పోయాను. కాగితం నేను రాశాను, అక్క సంతకం పెట్టింది. రైటరు గోనెపట్టాలో చుట్టిన బందూకును తెచ్చి బల్ల మీద పెట్టి రెండడుగులు వెనక్కి నిలబడ్డాడు. "ఖాళీ ఉన్నదా, జర మీరే చూడుండ్రి సార్." పిడి లాగాను. చిటికెన వేలు లోపల పెట్టి తడిమాను. ఇంకోసారి లాగాను, ఇంకోసారి తడిమాను. మూడోసారి కూడా చేస్తుంటే ఆయన, "ఖాళీనే గద సార్" అన్నాడు. దుకాణం నుంచి వచ్చిన మనిషి దాన్ని పెట్టెలో పెట్టుకుని వెళ్ళిపోయాడు. అక్క అంతసేపూ దాన్ని చూడలేదు. గోడ మీద తప్పిపోయినవాళ్ళ ఫోటోలుంటే వాటినే చూస్తూ నిలబడింది.

ఇంటికి తీసుకుపోయాను. చేను కౌలుకిచ్చింది, ఇప్పుడు అందులో బంతి వేశారు. పందులు బంతి జోలికి రావట. అక్క చాయ్ పెట్టింది. రెండు గ్లాసులు తెచ్చి అరుగు మీద పెట్టి, నా ఎదురుగా గోడకు ఆనుకుని కూర్చుంది. తల మీది నుంచి ఒక విమానం పోయింది. అది పోయాక, ఏడాదిన్నరగా నోట్లో నానుతున్న మాట బయటికి వచ్చేసింది. "అక్కా, ఆ మూడోది ఇయ్యుమన్నది నేనే."

"ఎరుకనే" అంది అక్క. గ్లాసు వైపు చూస్తూ చెప్పింది. "నిన్ను తప్పు పడుతున్ననని ఏడుస్తున్నవా? ఆ పొద్దు రెండు మోతలు ఇన్న. ఊదిండు. స్టవ్ ముట్టిచ్చిన. గింతల మూడోది ఇనవడ్డది. పంది మర్లి వచ్చినట్టున్నది, మంచిగైంది, తమ్ముడు మూడోది ఇయ్యుమన్నడు అనుకున్న. నువ్వు ఏ దిక్కున్నవో ఆ దిక్కుకు దండం పెట్టుకున్న తమ్మీ. పెట్టుకోని చాయ్‌ల చక్కెరేసిన. రెండు గ్లాసులల్ల పోసిన. ఇగ వస్తడు, ఇగ వస్తడు అని అరుగు మీదనే కూసున్న."

"మరి ఎప్పుడు పోయినవు?" అని అడిగాను. అడగకుండా ఉండాల్సింది.

"చాయ్ సల్లారినంక."

నేను ఏదో అనాలి. ముందే పోయినా ఒకటే అక్కా, దవాఖానోళ్ళు చెప్పలేదా, అప్పటికే అయిపోయింది అనాలి. అన్నాను కూడా. నా మాట ఎన్నడూ తప్పు కాలేదని నమ్మే మనిషి కాబట్టి అక్క తల ఊపింది. ఆ మాట నిజమో కాదో తేల్చే విద్య నాకు రాదు. వాసన చూసి, చప్పుడు విని చెప్పేది కాదది. అక్క లేచి గ్లాసులు తీసుకుని లోపలికి పోయింది. రెండూ నిండుగానే ఉన్నాయి. అప్పటి నుంచి రోజూ పొద్దున మా ఆవిడ చాయ్ తెచ్చి ముందు పెడితే తాగకుండా చూస్తూ కూర్చుంటున్నాను. పైన మీగడ కడుతుంది, ఆవిరి పలచబడుతుంది, గ్లాసు అంచు పట్టుకుంటే చెయ్యి కాలదు. ఏడాదిన్నర ఎట్లాగో గడిచిపోయింది కానీ, ఆ కాసేపు మాత్రం ఇంకా గడవలేదు.